వానాకాలం రీడింగ్ చాలెంజ్: నీలం అట్ట లాంటి అంశాలు ఉంచాలా, తీసేయాలా?

తొలకరి (నిర్వాహకురాలు)

అందరికీ నమస్కారం. ఎండాకాలం చాలెంజ్‌లో మనం పెట్టుకున్న అంశాలు గుర్తున్నాయి కదా. నీలం అట్ట ఉన్న పుస్తకం, ఒకే మాట పేరుగా ఉన్న పుస్తకం, మీ పేరులోని తొలి అక్షరంతో పేరు మొదలయ్యే రచయిత, మీరు పుట్టిన ఏడాది అచ్చయిన పుస్తకం. ఇవన్నీ ఇంగ్లీషు పాఠకుల చాలెంజ్‌ల నుంచి తెచ్చుకున్నవే. చాలామంది పూర్తి చేశారు, సంతోషం. కానీ వానాకాలానికి కూడా ఇవే పెట్టడం నాకు ఇష్టం లేదు.

నా ప్రతిపాదన చెబుతాను. జూన్ 8 ప్రాంతంలో మృగశిర కార్తె వస్తుంది. అక్కడి నుంచి హస్త ముగిసేదాకా, అంటే అక్టోబరు రెండో వారం దాకా, 9 కార్తెలు. ఒక్కో కార్తె 13, 14 రోజులు. కార్తెకొక అంశం, అంశానికొక పుస్తకం. నవల చదివే తీరిక లేకపోతే ఐదు కథలు చాలు. మృగశిరకి తిండి గురించిన పుస్తకం అనుకున్నాను, ఆ రోజు చేపల కూర తప్పనిసరిగా వండే ఇళ్ళు మనలో చాలా ఉన్నాయి. ఆరుద్రకి పొలం పనిలో ఉన్న ఆడవాళ్ళ కథలు. పునర్వసుకి బడి చుట్టూ తిరిగే పుస్తకం, అప్పటికి బడులు తెరిచి కుదురుకుంటాయి కాబట్టి. పుష్యమికి ఉత్తరాలు, డైరీలు. ఆశ్లేషకి వరద గానీ తుఫాను గానీ. 1908 మూసీ వరద మీదో, 1977 దివిసీమ ఉప్పెన మీదో రాసిన వ్యాసాలూ జ్ఞాపకాలూ కూడా లెక్కలోకి వస్తాయి. మఖకి ఒక్క రాత్రిలో జరిగే కథ. పుబ్బ, ఉత్తర, హస్త ఖాళీగా ఉంచాను, మీరే చెప్పండి.

అట్ట రంగు, అక్షరాల అంశాలు పూర్తిగా తీసేద్దామా? దీని మీదే చర్చ.

అలమర

తీసేయొద్దండీ. నీలం అట్ట అనగానే మా అత్తగారు కూడా వచ్చి అలమర ముందు నిలబడ్డారు. ఆవిడ తీసింది ఒక తీర్థయాత్రల పుస్తకం. ఎన్నో ఏళ్ళుగా మా ఇంట్లోనే ఉంది, ఎవరూ తెరవలేదు. మొత్తం చదివారు.

"పొలం పనిలో ఉన్న ఆడవాళ్ళ కథలు" అంటే ఆవిడ ఎక్కడని వెతుకుతారు? పుస్తకం లోపల ఏముందో ముందే తెలిసినవాళ్ళకి సరిపోయే అంశం అది. అంటే ఇప్పటికే బాగా చదివినవాళ్ళకి. మన పుస్తకాల వెనక అట్ట మీద చాలాసార్లు రచయిత ఫొటో, ధర తప్ప కథ గురించి రెండు ముక్కలు కూడా ఉండవు. పోనీ ముందుమాట చూద్దామంటే కథంతా అక్కడే చెప్పేస్తారు. కొత్తగా చదవడం మొదలుపెట్టేవాళ్ళకి రంగు ఒక్కటే టెన్షన్ లేని అంశం.

పాత సంచికలు

అలమర గారు చెప్పిన ఇబ్బంది నిజమే. కానీ రంగు దానికి మందు కాదు. ఒకే నవలకి ముద్రణ ముద్రణకీ అట్ట మారుతుంది. నా దగ్గరున్నది పచ్చగా ఉంటే మీ దగ్గరున్నది ఎర్రగా ఉంటుంది. ఆర్కైవ్‌లో స్కాన్ చేసినవి చదివేవాళ్ళకైతే చాలాసార్లు అసలు అట్టే కనపడదు, గ్రంథాలయం వాళ్ళు బైండు చేయించిన కాలికో గుడ్డ అట్ట తప్ప. ఏ పుస్తకం చదవాలో ఆ రచన చెప్పాలి గానీ ఈ ఏడాది డిజైనర్‌కి నచ్చిన రంగు చెప్పడం ఏమిటి?

పుట్టిన ఏడాది అంశాన్ని మాత్రం ఉంచండి. అది రంగు లాంటిది కాదు. మనవాళ్ళు లోపలి పేజీలో తాజా పునర్ముద్రణ ఏడాది ఒక్కటే వేస్తే తొలి ముద్రణ ఎప్పుడో వెతకాలి. అది వారపత్రికలో సీరియల్‌గా వచ్చి ఉంటే ఆ తేదీ వేరు. వెతుకుతుంటేనే ఆ కాలంలో ఇంకెవరెవరు రాశారో తెలుస్తుంది. పుస్తకం దొరకకపోతే కథ చదవండి. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో శ్రీకాకుళంలో పెట్టిన కథల గ్రంథాలయం, కథానిలయం వల్ల పాత పత్రికల కథలు ఈ రోజు ఇంట్లో కూర్చుని చదవగలుగుతున్నాం. అంత పెద్ద నిధి ఉన్నప్పుడు పుట్టిన ఏడాది కథ ఒక్కటైనా దొరకకపోదు.

తొలకరి గారూ, మీ వరద అంశంతోనూ నాకొక పేచీ ఉంది. గాలీ వానా అనగానే అందరం ఒక్కచోటికే పోతాం. పాలగుమ్మి పద్మరాజు "గాలివాన" 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పెట్టిన ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి తెచ్చుకుంది. గొప్ప కథ, ఎవరూ కాదనరు. ఆ పక్షం రోజులూ సగం మంది అదే కథ గురించి రాస్తే మిగతా వరద సాహిత్యం ఎప్పుడు బయటికొస్తుంది? బహుమతి వచ్చినవి వద్దని నియమం పెట్టండి.

ఎర్రనేల

నాది అనంతపురం జిల్లా. రంగులు ఉన్నా లేకపోయినా నాకు ఫరవాలేదు. నా అభ్యంతరం వేరే ఉంది.

తిండి, నాట్లు, వరద అని మీరు రాసిన వరస చూస్తే కాలువ కింద ఊళ్ళో కూర్చుని రాసినట్టుంది. మా దగ్గర ఏడాది మొత్తానికి పడే వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. వేరుశనగ విత్తనం కొని ఇంట్లో పెట్టుకుని అదను కోసం చూడటమే మాకు వానాకాలం. సీమ కథల్లో బోర్లు ఎండిపోవడం, అప్పులు, గడ్డి లేక పశువుల్ని సంతకి తోలడం ఎంత బలంగా ఉంటాయో చదివినవాళ్ళకి తెలుసు. అవన్నీ వానాకాలం కథలే. మీ తొమ్మిది అంశాల్లో వాటికి చోటు ఎక్కడ?

కార్తెల పేర్లు పెట్టుకున్నారు కదా, వాటి సామెతలు కూడా చూడండి. ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదన్నారు. ఉత్తర చూసి ఎత్తర గంప అని కూడా అన్నారు. సెప్టెంబరు సగానికి ఉత్తర వస్తుంది, అప్పటికీ వాన లేకపోతే ఇక ఊళ్ళో ఉండి లాభం లేదు, గంప ఎత్తుకుని బయల్దేరమని. మా జిల్లా నుంచి బెంగళూరుకి, పాలమూరు నుంచి బొంబాయికి జనం అట్లాగే వెళ్ళారు. పుబ్బకి వాన రాని పుస్తకం, ఉత్తరకి వలస పుస్తకం పెట్టండి. ఈ రెండూ ఉంటే చేరతాను.

పినాకిని

నెల్లూరు నుంచి ఒక మాట. మాకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మీరు హస్తతో ఆపేస్తున్నారు, మా వానాకాలం మొదలయ్యేది అప్పుడే. స్వాతి దాకా పొడిగిస్తే బాగుంటుంది.

పఠనమందిరం

నేను తెలంగాణలో ఒక శాఖా గ్రంథాలయంలో పనిచేస్తాను. అలమర గారి అత్తగారి లాంటివాళ్ళు మా దగ్గరికి రోజూ వస్తారు. పేపరు చదివి వెళ్ళిపోతారు. వాళ్ళ చేత పుస్తకం పట్టించడం ఎట్లా అన్నది నాకు ఉద్యోగం కన్నా పెద్ద విషయం. రంగు చెబితే ఒక్కసారి తీస్తారు, ఇంటికి తీసుకెళ్ళి మళ్ళీ అట్లాగే తెచ్చి ఇచ్చేస్తారు. నేను చూసినంతలో నిలబడేది ఎవరో ఒకరు చదివి వినిపించినప్పుడే. ఓ పేజీ వింటే తర్వాతి పేజీ వాళ్ళే అడుగుతారు.

అందుకని ఒక అంశం: మరొకరికి చదివి వినిపించిన పుస్తకం. పిల్లలకైనా సరే, కళ్ళు కనిపించని పెద్దవాళ్ళకైనా సరే. 1930లలో పాతూరి నాగభూషణం గారు కృష్ణా డెల్టా కాలువల మీద పడవలో గ్రంథాలయం నడిపించారు. పుస్తకాన్ని మనిషి దగ్గరికి మోసుకెళ్ళాలన్న పట్టుదల అది. మన చాలెంజ్‌లో ఆ పట్టుదల ఒక్క అంశంలోనైనా ఉండాలని నా కోరిక. హస్తకి పెట్టొచ్చు. బతుకమ్మ దాదాపు ఆ రోజుల్లోనే వస్తుంది, పాటల పుస్తకం తీసి పాడి వినిపించినా లెక్కే అనండి, మా దగ్గర ఆడవాళ్ళు చాలామంది చేరతారు.

యారా ఒడ్డు

మెల్‌బోర్న్‌లో ఉంటాను. జూన్, జులై మాకు చలికాలం. దక్షిణార్ధగోళానికి వేరే అంశాలు పెట్టండని అడగను, ఊరి కార్తెల లెక్కలో చదవాలనే ఈ గుంపులో చేరాను. అయితే అచ్చు పుస్తకమే ఉండాలన్న నియమం మాత్రం పెట్టకండి. పుస్తకం ధర కన్నా పోస్టేజీ ఎక్కువవుతోంది, వచ్చేసరికి కార్తె దాటిపోతుంది. పుష్యమికి ఉత్తరాలు అన్నారు, అది చాలా నచ్చింది. ఇంట్లో దాచుకున్న పాత ఉత్తరాల కట్ట చదివినా ఒప్పుకుంటారా?

తొలకరి

యారా ఒడ్డు గారూ, ఒప్పుకుంటాం. సొంత విషయాలు ఉంటాయి కాబట్టి వాటి గురించి రాయమని మాత్రం ఎవరినీ అడగం. ఫోన్‌లో చదివినా, స్కాన్‌లో చదివినా సరే.

ఎర్రనేల గారూ, పుబ్బ, ఉత్తర మీవే. వాన రాని పుస్తకం, వలస పుస్తకం. హస్త పఠనమందిరం గారిది. పినాకిని గారూ, చిత్త, స్వాతి కలుపుదాం. చిత్తకి పుట్టిన ఏడాది అంశం పెడతాను, స్వాతికి ఏం పెట్టాలో నెల్లూరు వాళ్ళు తేల్చండి.

అట్ట రంగు విషయంలో నా అభిప్రాయం మారలేదు, కారణం చెప్పాలి. ఎండాకాలంలో మన ఆన్‌లైన్ కూటములన్నీ దగ్గరుండి చూశాను. నీలం అట్ట వారం ఒక్కొక్కరూ తమ పుస్తకం గురించి చెప్పి ఊరుకున్నారు. ఒకరిది యాత్ర, ఒకరిది డిటెక్టివ్ నవల, ఒకరిది హోమియో వైద్యం. ఒకరు చదివినదానికీ ఇంకొకరు చదివినదానికీ ఎక్కడా ముడి పడలేదు. పుట్టిన ఏడాది వారం అట్లా కాదు. అరవైల్లో పుట్టినవాళ్ళూ తొంభైల్లో పుట్టినవాళ్ళూ కథల్లోని ఇళ్ళు, ఉద్యోగాలు, పెళ్ళి మాటలు పోల్చుకుంటూ కూర్చున్నారు, రాత్రి పదకొండు దాటినా ఎవరూ లేవలేదు. ఒంటరిగా చదువుకునేవాళ్ళు ఏ లెక్కన ఎంచుకున్నా అడిగే హక్కు నాకు లేదు. గుంపుగా చదివేటప్పుడు మాత్రం ఇద్దరు పాఠకుల మధ్య మాట పుట్టని అంశం నాకు వద్దు.

అందుకే పాత సంచికలు గారి నియమానికి కూడా ఒప్పుకోలేను. సగం మంది "గాలివాన" చదివితే చదవనివ్వండి. ఆ రైలు పెట్టెలో బిచ్చగత్తె గురించి మనలో ఒక్కొక్కరికి ఒక్కో అభిప్రాయం ఉంది, ఆ వాదన జరగాలి.

అలమర గారూ, మీ మాట కొట్టేయడం లేదు. లోపల ఏముందో తెలియనివాళ్ళ కోసం ఒక ఏర్పాటు చేద్దాం. కార్తెకి వారం ముందు ఎవరైనా తమ అలమర ఫొటో పెట్టొచ్చు. ఏ పుస్తకం ఆ అంశానికి సరిపోతుందో చదివినవాళ్ళు చెబుతారు.

అలమర

ఫొటో ఏర్పాటు బాగుంది, తప్పకుండా వాడుకుంటాం. కానీ ఒకళ్ళు చెబితే తీయడం వేరు, తన చేత్తో తాను వెతికి తీయడం వేరు. మా అత్తగారికి ఆ పుస్తకం మీద అంత ఇష్టం కలిగింది తానే ఎంచుకున్నందువల్ల. మొదటిసారి చేరేవాళ్ళకి మాత్రమైనా, ఏదో ఒక్క కార్తెలో, రంగు అంశం ఉంచండి. దీని మీద ఓటింగ్ పెట్టమని అడుగుతున్నాను.

పాత సంచికలు

బహుమతుల నియమం వెనక్కి తీసుకోను, అదీ ఓటింగ్‌లో పెట్టండి. రంగుకి నా ఓటు వద్దు.

ఎర్రనేల

నేను అలమర గారికి ఓటు వేస్తాను. మా అమ్మ కూడా అట్లా మొదలుపెడుతుందేమో. ఉత్తరకి వలస కథలు కావాల్సినవాళ్ళు ఇక్కడే అడగండి, నా దగ్గరున్న సీమ, పాలమూరు సంకలనాల విషయసూచికలు రేపు ఫొటో తీసి పెడతాను.

తొలకరి

రెండు విషయాలకీ ఓటింగ్ తెరిచాను. మే 31 రాత్రి దాకా వేయొచ్చు. ఫలితం ఏదైనా మృగశిర నాటికి మొదలుపెట్టేద్దాం. తిండి పుస్తకాల పేర్లు కింద రాయండి.