వ్యూలలో డిజైన్ తప్పులు కేటలాగ్ క్వెరీతో దొరుకుతాయా?

కొత్తబల్ల: మా పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో వ్యూలు (పేరు పెట్టి దాచుకున్న క్వెరీలు) 400 దాటాయి. కేటలాగ్ (డేటాబేస్ తన గురించి తాను రాసుకునే టేబుల్స్) మీద క్వెరీ రాసి, డిజైన్ బాగాలేని వాటిని ఏరేద్దామనుకుంటున్నాను. ఎవరైనా చేశారా?

పాతకాపు: చేశాను. వ్యూకి, టేబుల్‌కి ఉన్న లింకు, ఏది దేనిమీద ఆధారపడిందో రాసుండే పీజీ_డిపెండ్‌లో నేరుగా దొరకదు. వ్యూకి పీజీ_రీరైట్‌లో ఒక రూల్ ఉంటుంది, లింకులన్నీ ఆ రూల్ పేరు మీదే ఉంటాయి. రెండూ కలిపి రికర్సివ్ క్వెరీ రాస్తే వ్యూ మీద వ్యూ ఎన్ని అంతస్తులు కట్టారో తెలుస్తుంది. 3 దాటితే నా లెక్కలో తప్పే. ఒకేలా ఉన్న వరుసల్ని ఒక్కటి చేసే డిస్టింక్ట్ కనిపించినా అనుమానించండి. జాయిన్ తప్పి వరుసలు రెట్టింపైతే చాలామంది దానితోనే మూత పెడతారు. కాలమ్ పేర్లు రాయకుండా ‘అన్నీ’ అని అడిగే సెలెక్ట్ స్టార్ వ్యూలూ ఏరేయండి.

చీకటిగది: స్టార్ ఎలా ఏరతారండీ? వ్యూ తయారయ్యేటప్పుడే పోస్ట్‌గ్రెస్ దాన్ని కాలమ్ పేర్లుగా విప్పేస్తుంది. వ్యూల నిర్వచనాలు చూపే పీజీ_వ్యూస్‌లో స్టార్ ఉండదు.

పాతకాపు: ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో రాసింది రాసినట్టే ఉంటుంది.

చీకటిగది: అడిగింది పోస్ట్‌గ్రెస్ గురించి.

పాతకాపు: టేబుల్‌లో పాత కాలమ్‌లన్నీ వరుసగా ఉండి, తర్వాత చేర్చినవే లేకపోతే అది స్టార్ అని ఊహించొచ్చు.

చీకటిగది: ఊహ!

రాత్రిబ్యాకప్: ఆ స్టార్‌ని వదిలేయండి బాబూ.

చీకటిగది: వదలను. ఎడమవైపు వరుసలన్నీ ఉంచే లెఫ్ట్ జాయిన్ చేసి, కుడివైపు టేబుల్ స్టేటస్ ఫలానా అని వేర్ షరతులో పెడితే అది రెండువైపులా జోడీ ఉన్నవే ఉంచే ఇన్నర్ జాయిన్ అయిపోతుంది. చెల్లింపులు లేని ఖాతాలు రిపోర్టులోంచి మాయం. మీ జాబితాలో ఆ వ్యూ మాత్రం శుభ్రం, ఒకటే అంతస్తు. నా వ్యూ 5 అంతస్తులు, లెక్క ఏనాడూ తప్పలేదు.

పాతకాపు: ‘నా’ అన్నారు. కోపమెందుకో ఇప్పుడర్థమైంది.

చీకటిగది: అవును, నాదే. పాత ఆఫీసులో ఇలాంటి జాబితానే ఎక్సెల్‌లో పెట్టి, ఓనర్ పేర్లతో సహా మీటింగ్‌లో చదివారు. నా పేరు 11 సార్లు వచ్చింది. అందులో 7 నేను చేరకముందువి. మైగ్రేషన్ నా లాగిన్‌తో నడిపారు కాబట్టి నేను ఓనర్ అయ్యాను.

పాతకాపు: అలాంటి మీటింగ్‌లు నేనూ పెట్టాను, దాచను. ఒక కాలమ్ టైపు మార్చడానికి 17 వ్యూలు డ్రాప్ చేసి, అర్ధరాత్రి మళ్లీ కట్టుకున్నది నేను. రాసినవాళ్లు హాయిగా నిద్రపోయారు.

చీకటిగది: అంటే మీకు కావలసింది తప్పు వ్యూల జాబితా కాదు, మీకు పని పెంచే వ్యూల జాబితా. ఆ మాటే చెప్పుంటే క్వెరీ నేనే రాసిచ్చేవాణ్ణి.

కొత్తబల్ల: ఇద్దరికీ దండం. ఓనర్ అన్నారని చూశాను. 38 వ్యూలు అన్ని హక్కులూ ఉన్న సూపర్‌యూజర్ పేరు మీద ఉన్నాయి. కింది టేబుల్స్‌కి రో లెవెల్ సెక్యూరిటీ (ఎవరు ఏ వరుసలు చూడొచ్చో చెప్పే పాలసీలు) పెట్టాం. ఇబ్బందేనా?

పాతకాపు: ఇబ్బందే. మామూలు వ్యూ ఓనర్ హక్కులతో చదువుతుంది. సూపర్‌యూజర్‌కి ఆ పాలసీలు వర్తించవు. వెర్షన్ 15 నుంచి, వ్యూని అడిగినవాళ్ల హక్కులతోనే చదివించే సెక్యూరిటీ_ఇన్వోకర్ వచ్చింది. అది పెట్టారో లేదో పీజీ_క్లాస్‌లో రెల్‌ఆప్షన్స్ కాలమ్ చూస్తే తెలుస్తుంది. ఈరోజే చూడండి.

చీకటిగది: దీన్ని కేటలాగ్ పట్టుకుంటుంది, ఒప్పుకుంటాను. స్టార్‌ని పట్టుకోదు.