రెండో తరగతి పూర్తయ్యేసరికి పిల్లవాడికి అసలు ఏమి వచ్చి ఉండాలి?

కాలువగట్టు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది అమలాపురం దగ్గర ఒక పల్లెటూరు. మా అబ్బాయి పట్టణంలోని ఒక ప్రైవేటు ఇంగ్లీషు మీడియం పాఠశాలలో రెండో తరగతి చదువుతున్నాడు. వాడి నోటుపుస్తకాలు చూస్తే ముచ్చటేస్తుంది: గీత దాటని అక్షరాలు, పుట పుటకీ ఎర్రసిరాతో "గుడ్", పరీక్షల్లో ఇరవైకి పద్దెనిమిదికి తగ్గని మార్కులు. పదమూడో ఎక్కం దాకా గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతాడు.

మొన్న బంధువుల ఇంటి శుభలేఖ వస్తే, మా మామగారు దాన్ని వాడి చేతికిచ్చి చదవమన్నారు. వాడు పైనుంచి కింది దాకా చూసి, "ఈ పాఠం మాకింకా చెప్పలేదు తాతయ్యా" అన్నాడు. ఇంట్లో అందరూ నవ్వేశారు కానీ, నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు వాడి ఇంగ్లీషు పుస్తకంలో తరగతిలో ఇంకా మొదలుపెట్టని పాఠం తీసి అడిగితే, అక్కడా అదే మాట. చెప్పిన పాఠాన్ని మాత్రం పుస్తకం మూసేసి కూడా చదివేస్తున్నాడు.

పాఠశాలలో అడిగితే, మార్కులు బాగానే వస్తున్నాయి కదా, మూడో తరగతికి అన్నీ సర్దుకుంటాయి అన్నారు. మా వారు ట్యూషన్ పెడదామంటున్నారు. ఒకటి, రెండు తరగతుల్లో పిల్లలకు నిజంగా రావలసినవి ఏమిటి, వచ్చాయో లేదో ఇంట్లోనే తెలుసుకోవడం ఎలా అన్నది అనుభవజ్ఞులు ఎవరైనా చెప్పగలరా?

పాతబడి పంతులు

అమ్మా, ముప్పై నాలుగేళ్లు రాజోలు వైపు ప్రాథమిక పాఠశాలల్లో పని చేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. ముందుగా ఒక మాట: శుభలేఖ న్యాయమైన పరీక్ష కాదు. "చి. ల. సౌ.", "సుముహూర్తమునకు", "ఆహ్వానించువారు" వంటి మాటల దగ్గర పెద్దవాళ్లు కూడా అలవాటు మీదనే ముందుకు వెళతారు తప్ప కూడబలుక్కుని చదవరు. కానీ మీ అబ్బాయి చెప్పిన జవాబు మాత్రం కొట్టిపారేయదగినది కాదు. చదవడమంటే చెప్పిన పాఠాన్ని తిరిగి చెప్పడమేనని వాడు అనుకుంటున్నాడు. వాడికి ఆ సంగతి అలా అర్థమయ్యేటట్టు చేసింది మనమే.

మీరడిగిన కొలబద్ద ఉన్నది. కేంద్ర ప్రభుత్వం 2021 జులైలో ప్రారంభించిన నిపుణ్ భారత్ కార్యక్రమంలో తరగతివారీగా లక్ష్యాలు రాసిపెట్టారు. ఒకటో తరగతి ముగిసేసరికి, నాలుగైదు సులువైన మాటలున్న చిన్న చిన్న వాక్యాలను, అదీ ముందు చూడని పాఠంలోనివి, చదవగలగాలి. 99 దాకా అంకెలు చదివి రాయగలగాలి. రెండో తరగతికి నిమిషానికి 45 నుంచి 60 మాటలు, 999 దాకా అంకెలు. మూడో తరగతికి కనీసం 60 మాటలు, 9999 దాకా అంకెలు. ఇందులో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది "ముందు చూడని" అన్న మాట. నిమిషానికి ఎన్ని మాటలన్న లెక్కను తెలుగు విషయంలో మరీ పట్టుకుని కూర్చోవద్దు. "వెళ్లాలనుకుంటున్నాడు" అన్నది మనకు ఒకే మాట. ఇంగ్లీషులో అదే భావానికి నాలుగు మాటలు కావాలి. కాబట్టి గడియారం పక్కన పెట్టి, చదివినదాని మీద ఒక ప్రశ్న వేసి చూడండి.

ఇక తెలుగు చదవడం ఎక్కడ ఆగిపోతుందో చెబుతాను. పిల్లలు వర్ణమాల దగ్గర ఆగరు, గుణింతం దగ్గర ఆగుతారు. "కకు తలకట్టిస్తే క, కకు దీర్ఘమిస్తే కా, కకు గుడిస్తే కి" అంటూ తరగతి మొత్తం ఊగుతూ పాడుతుంది. వినడానికి బాగానే ఉంటుంది. ఆ పాట మధ్యలో ఆపి, నల్లబల్ల మీద "ను" ఒక్కటీ రాసి ఏమిటని అడగండి. సగంమంది పిల్లలు "న" నుంచి మొదలుపెట్టి, పాట పాడుకుంటూ వచ్చి "ను" దగ్గర ఆగుతారు. అంటే వాళ్లకు వరస వచ్చింది కానీ కొమ్ము రాలేదు. పైగా మన లిపిలో కొమ్ము అన్ని అక్షరాలకూ ఒకే చోట కూర్చోదు. "ను", "కు"లకు పక్కన చేరే కొమ్ము "వు"కు కిందుగా దిగుతుంది, ఎందుకంటే వకారానికి పక్కన తగిలిస్తే అది "మ"లా కనిపిస్తుంది. "నువ్వు" అన్న చిన్న మాటలో రెండు రకాల కొమ్ములూ, ఒక వత్తూ ఉన్నాయి చూడండి! ఏడేళ్ల పిల్లవాడికి అది చిన్న మాట కాదు. కాబట్టి మీరు చేయవలసిన పరిశీలన ఇది: వత్తులు లేని మాటలతో రెండు వాక్యాలు, వత్తులున్న మాటలతో రెండు వాక్యాలు మీ సొంతంగా రాసి, రెండూ వేరువేరుగా చదివించండి. ఎక్కడ తడబడుతున్నాడో దాన్నిబట్టి తెలుస్తుంది.

లంక టీచరు

పంతులుగారు చదువు సంగతి చెప్పారు కనుక నేను లెక్కల జోలికి వెళతాను. నేను పనిచేసేది గోదావరి పాయల మధ్య ఒక లంక గ్రామంలో. వరద వచ్చిందంటే బడికి వారాల తరబడి సెలవులే. తిరిగి తెరిచాక ఏవి నిలిచాయి, ఏవి కొట్టుకుపోయాయి అన్నది ఏటా చూస్తాను కాబట్టి ఈ మాట చెప్పగలుగుతున్నాను: పాటగా వచ్చినది ముందు పోతుంది, చేత్తో చేసినది నిలుస్తుంది.

మీ అబ్బాయిని "రెండు వందల ఐదు" రాయమనండి. 2005 అని రాశాడంటే కంగారుపడవద్దు, విన్నది విన్నట్టు రాశాడు: రెండు వందలు 200, పక్కన 5. వాడికి లోపించినది స్థానవిలువ. ఇంగ్లీషు మీడియం పిల్లల్లో ఇంకొకటి కూడా చూస్తాను. "ఫోర్టీన్" అనగానే ముందు వినిపించిన ఫోర్‌ను ముందు రాసి 41 వేస్తారు. అదే పిల్లవాడికి "పద్నాలుగు" అని చెబితే, పది ముందే ఉన్నది కనుక 14 సరిగా రాస్తాడు. అందుకే నేను అంకెలు మొదట తెలుగులో చెప్పి, తరువాత ఇంగ్లీషు పేర్లు అలవాటు చేస్తాను.

తీసివేతలో 42 నుంచి 17 ఇచ్చి చూడండి. 35 అని వేస్తే, రెండులోంచి ఏడు పోదు కనుక ఏడులోంచి రెండు తీసేశాడన్నమాట. మా తరగతిలో దీనికి ఈనెపుల్లలు వాడతాం; మన ప్రాంతంలో వాటికి కొదవేముంది! పది పుల్లలు ఒక కట్టగా దారంతో కట్టిస్తాను. నాలుగు కట్టలూ రెండు విడిపుల్లలూ ముందు పెట్టి, పదిహేడు నాకివ్వమంటాను. రెండు పుల్లలు తీశాక పిల్లవాడు కట్టల వైపు చూస్తాడు, నా మొహంలోకి చూస్తాడు, చివరికి "టీచర్, ఇది విప్పొచ్చా?" అని అడుగుతాడు. ఆ ప్రశ్న వాడి నోటి నుంచి వచ్చే దాకా నేను "అప్పు తెచ్చుకోవడం" అన్న మాటే ఎత్తను. దారం విప్పిన పిల్లవాడికి పక్కస్థానంలో ఒకటి తగ్గించమని వేరే చెప్పనక్కరలేదు, కట్ట తగ్గిపోవడం వాడి కళ్లముందే జరిగింది.

ట్యూషన్ విషయంలో నా అభిప్రాయం సూటిగానే చెబుతాను. బడిలో చూసిరాత, ట్యూషన్‌లో మళ్లీ అదే చూసిరాత అయితే డబ్బు దండగ. రెండో తరగతి దాకా ఇంటిపనే ఇవ్వవద్దని 2020 నాటి పాఠశాల సంచి విధానం చెబుతున్నది. పాటించే పాఠశాలలు ఎన్ని అన్నది వేరే సంగతి.

ఇద్దరు పిల్లల తల్లి, మండపేట

పెద్దల మాటలతో చాలావరకు ఏకీభవిస్తూనే ఒక చిన్న అభ్యంతరం చెప్పుకుంటాను. కంఠస్థాన్ని మరీ తీసిపారేస్తున్నారేమో! మా పెద్దమ్మాయికి ఎక్కాలు నోటికి రాకపోవడం వలన నాలుగో తరగతిలో భాగహారాల దగ్గర పడిన అవస్థ నాకు తెలుసు. అలాగే చూసిరాత వలన చేయి కుదురుతుంది, అక్షరం ఎక్కడ మొదలై ఎటు తిరుగుతుందో వేళ్లకు తెలుస్తుంది. వాటిని మానిపించమని కాకుండా, వాటితో ఆగిపోవద్దని చెబితే బాగుంటుంది.

ఇంగ్లీషు గురించి కూడా ఒక మాట. ప్రభుత్వ పాఠశాలల కోసం 2020-21 నుంచి ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో అదే పాఠం ఇంగ్లీషులో ఉండే పాఠ్యపుస్తకాలు తెచ్చారు. మా చిన్నవాడు ప్రైవేటులోనే చదువుతున్నా, పక్కింటి పాప పాత పుస్తకాలు అడిగి తెచ్చుకున్నాను. తెలుగు పుట చదివి కథ తెలుసుకున్నాక ఇంగ్లీషు పుట వైపు తిరిగితే, వాడు మాటలను ఊహించి పట్టుకోవడం మొదలుపెట్టాడు. మీ అబ్బాయికి కూడా పనికొస్తుందేమో చూడండి.

పాతబడి పంతులు

మండపేట అమ్మగారి మాటతో నాకు పేచీ లేదు. ఎక్కాలు రావలసిందే, కాకపోతే గుణకారం సంగతి మూడో తరగతి లక్ష్యాల్లోనిది. రెండులో పదమూడో ఎక్కం వచ్చిందని మురిసిపోయి, స్థానవిలువను వదిలేస్తే లాభం లేదన్నదే నా బాధ. కాలువగట్టు అమ్మగారూ, మీ మామగారు కొబ్బరికాయలు పుంజీల్లో లెక్కపెట్టేవారే అయితే, పిల్లవాణ్ణి రాశి దగ్గరికి పంపండి. నాలుగు కాయలు ఒక పుంజీ. పదమూడు పుంజీలకు ఎన్ని కాయలని అడిగించండి.

కాలువగట్టు

అందరికీ కృతజ్ఞతలు. వారం రోజులు ఓపిక పట్టి, మీరు చెప్పినవన్నీ ఒక్కొక్కటిగా చేసి చూశాను.

వత్తులు లేని వాక్యాలు ("మా తాత పడవలో పోయాడు" వంటివి) నెమ్మదిగానైనా, వేలు పెట్టుకుని, తనంతట తాను చదివాడు. నాకు కొంత ఊరట కలిగింది. వత్తులున్న వాక్యాల దగ్గర మొదటి రెండక్షరాలు చూసి, మిగిలినది ఊహించి చెప్పేస్తున్నాడు. "గడ్డి" అని రాస్తే "గడి" అన్నాడు, "చెట్టు" అని రాస్తే "చెరువు" అన్నాడు. రెండు వందల ఐదును లంక టీచరుగారు చెప్పినట్టే 2005గా రాశాడు. 42 నుంచి 17 తీసివేతకు మాత్రం 25 అనే వేశాడు కానీ, ఎందుకని అడిగితే "పైన చిన్న ఒకటి వేయాలి, మేడం అలా వేస్తారు" అన్నాడు. ఈనెపుల్లలతో చేయించాక రెండు రోజులకు ఆ ఒకటి ఒకటి కాదనీ, పది అనీ తనే చెప్పాడు.

పుంజీల సంగతి చెప్పాలి. మా మామగారు రెండు చేతులతో రెండేసి కాయలు విసురుతూ పదమూడు పుంజీలు పోసి, ఎన్ని అని అడిగారు. వాడు రాశి చుట్టూ తిరుగుతూ ఒక్కొక్క కాయే లెక్కపెట్టాడు, మధ్యలో రెండుసార్లు లెక్క తప్పాడు, చివరికి యాభై రెండు అన్నాడు. "పదమూడు నాలుగులు ఎంత?" అని మామగారు అడిగితే ఠక్కున యాభై రెండు అని, ఒక్క క్షణం ఆగి, రాశి వైపు చూసి, "అదీ ఇదీ ఒకటేనా తాతయ్యా?" అన్నాడు.

ట్యూషన్ ప్రస్తుతానికి వాయిదా వేశాం. వాడి తరగతి టీచరుగారిని ఈసారి మార్కుల గురించి కాకుండా, వత్తుల గురించీ, తరగతిలో చెప్పని పాఠం చదివించడం గురించీ అడిగాను. తరగతిలో నలభై రెండు మంది ఉన్నారనీ, ఒక్కొక్కరి చేత చదివించడానికి సమయం చిక్కడం లేదనీ ఆవిడ దాపరికం లేకుండా ఒప్పుకున్నారు. వారానికి ఒకసారి మా వాడి చేత కొత్త పేరా ఒకటి చదివించి, ఎక్కడ ఆగాడో డైరీలో రాసి పంపుతామన్నారు. నిన్న వచ్చిన మొదటి చీటీలో "ద్విత్వాక్షరాలు పర్వాలేదు, సంయుక్తాక్షరాలు రావాలి" అని ఉంది ("గడ్డి"లోలా ఒక హల్లుకు అదే హల్లు వత్తుగా వస్తే ద్విత్వం, వేరే హల్లు వస్తే సంయుక్తం). సాయంత్రం బస్టాండు దగ్గర కొట్టు మీద ఉన్న "కొబ్బరి బొండాలు" బోర్డును వాడు అడక్కుండానే చదివాడు, పక్కనున్న "వస్త్రాలయం" దగ్గర మాత్రం నా చేయి పట్టుకుని, "అమ్మా, ఆ స కింద రెండున్నాయేంటి?" అని అడిగాడు.