నైట్ కబడ్డీ చేత్తో పట్టుకుని తీయడానికి ఎఫ్ 2.8 జూమ్: సిగ్మా 18-50 కొనాలా, టామ్రాన్ 17-70 కొనాలా?

గాజువాక_కూత:
అందరికీ నమస్తే. నా దగ్గర సోనీ ఏ6400 ఉంది, దాంతో వచ్చిన 16-50 కిట్ లెన్సే ఇప్పటికీ వాడుతున్నాను. ఎక్కువగా తీసేది కబడ్డీ. సంక్రాంతికి మా సైడు కుర్రాళ్ళు పెట్టే నైట్ టోర్నమెంట్లు, అప్పుడప్పుడు విశాఖ స్వర్ణభారతి ఇండోర్ స్టేడియంలో మ్యాచులు. ఇబ్బంది ఏంటంటే ఫ్లడ్ లైట్ల కింద కిట్ లెన్స్ జూమ్ చేసేసరికి ఎఫ్ 5.6 అయిపోతుంది (ఈ అంకె పెరిగేకొద్దీ లోపలికొచ్చే వెలుతురు తగ్గుతుంది), షట్టర్ స్పీడ్ 1/500 సెకను పెడితే ఐఎస్‌ఓ (వెలుతురుని పెంచి చూపే సెట్టింగ్) 12800కి వెళ్ళిపోయి మొహాలన్నీ నాయిస్, అంటే చుక్కచుక్కలు, పోనీ ఐఎస్‌ఓ తగ్గిద్దామని 1/125 పెడితే రైడర్ చెయ్యీ కాలూ బ్లర్ అయిపోతున్నాయి. ట్రైపాడ్‌కి చోటుండదు, కోర్టు చుట్టూ జనం కింద కూర్చుని ఉంటారు, డాష్ కొడితే (రైడర్‌ని గీత బయటికి నెట్టేస్తే) ఆటగాడు ఎగిరొచ్చి మన మీదే పడతాడు, కాబట్టి కెమెరా చేతిలోనే ఉండాలి, టక్కున లేచి పక్కకి జరగగలగాలి.

బడ్జెట్ 60 వేలు, కష్టపడితే ఇంకో ఐదు. సిగ్మా 18-50 ఎఫ్ 2.8, టామ్రాన్ 17-70 ఎఫ్ 2.8, ఈ రెండింటి మధ్య ఆగిపోయాను. ఏ6400 బాడీలో స్టెబిలైజేషన్ (చేతి వణుకు తగ్గించే ఏర్పాటు) లేదు కదా, టామ్రాన్‌లో అదే పని చేసే వీసీ ఉంది, సిగ్మాలో లేదు. మరి చేత్తో యాక్షన్ తీసేవాడికి వీసీ ఉంటేనే షార్ప్‌గా వస్తాయా? ఇంకోటి, ఋషికొండలో సర్ఫింగ్ కూడా తీయాలని ఉంది, ఇదే లెన్స్ దానికీ పనికొస్తుందా? తెలిసిన అన్నలు కాస్త చెప్పండి.

సీతమ్మధార_షట్టర్:
తమ్ముడూ, ముందు వీసీ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే చాలామంది దీని కోసమే డబ్బు ఎక్కువ పెడుతున్నారు. వీసీ ఆపేది నీ చెయ్యి వణుకుని, రైడర్ కాలుని కాదు. నీ 1/125 ఫొటోలు మళ్ళీ తెరిచి చూడు, వెనకాల స్కోర్ బోర్డు అంకెలు క్లియర్‌గా ఉండి ఆటగాడి చెయ్యి మాత్రమే సాగిపోయిందంటే అది చేతి వణుకు కాదు, ఆట స్పీడు. దానికి మందు షట్టర్ స్పీడ్ ఒక్కటే. 50 ఎంఎం దగ్గర ఏపీఎస్‌సీలో (నీ కెమెరా సెన్సర్ సైజు) చేతి వణుకు కనపడకుండా ఉండాలంటే సుమారు 1/80 చాలు, కబడ్డీకి నువ్వు ఎలాగూ 1/500కి తగ్గవు, గెంతే వాడికైతే 1/1000 కావాలి, ఆ స్పీడుల్లో వీసీ ఉన్నా లేకపోయినా ఫొటోలో పెద్దగా తేడా రాదు.

నీకు అసలు కావల్సింది వెలుతురు. 5.6 నుంచి 2.8కి వస్తే రెండు స్టాపులు, అంటే నాలుగు రెట్ల కాంతి, అదే 1/500కి 12800 బదులు 3200 సరిపోతుంది. 3200లో ఏ6400 ఫొటో హాయిగా ఉంటుంది. ఈ రెండు స్టాపులు నీ రెండు లెన్సులూ ఇస్తాయి.

ఇక బరువు. బాడీ 403 గ్రాములు, సిగ్మా 290, మొత్తం 700 కూడా లేదు. టామ్రాన్ 525, కలిపితే 930 దాకా వస్తుంది. మగవాళ్ళ మ్యాచ్ 20-20, మొత్తం 40 నిమిషాలు, ఆ సేపంతా గొంతు కూర్చుని కంటి దగ్గర కెమెరా దించకుండా ఉంటే ఆ తేడా మణికట్టుకి తెలుస్తుంది. నా ఓటు సిగ్మాకే.

పోర్టు_సైడు:
వీసీ గురించి అన్న చెప్పినదానికి ఎదురు లేదు గానీ సిగ్మా దగ్గరే నాకు అభ్యంతరం ఉంది. గురూ, కోర్టు కొలతలు ఒకసారి ఆలోచించండి. సీనియర్ మగవాళ్ళ కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. ఎండ్ లైన్ మూల దగ్గర కూర్చుంటే మన వైపు కూతకొచ్చిన రైడర్ మూడు నుంచి ఆరు మీటర్లలో మన మొహం వైపే ఆడుతుంటాడు, అప్పుడు 50 చాలు, ఒక్కోసారి 30 కూడా ఎక్కువే. కానీ సగం కూతలు అవతలి కోర్టులో జరుగుతాయి, అక్కడ యాంకిల్ హోల్డ్ పడితే మనకి తొమ్మిది పది మీటర్ల దూరం. అక్కడ 50 పెడితే మూడు మీటర్ల ఎత్తు సీన్ వస్తుంది, మనిషి చిన్నగా ఉంటాడు. 70 పెడితే రెండు మీటర్ల పైచిలుకు, ఫ్రేమ్ నిండుతుంది.

క్రాప్ చేసుకోవచ్చు అంటారు, చేసుకోవచ్చు, కాకపోతే 50లో తీసినదాన్ని 70 అంత దగ్గరికి కోస్తే 24 మెగాపిక్సెల్స్‌లో 12 మిగులుతాయి, నాయిస్ కూడా ఒక స్టాప్ పెరిగినట్టే కనిపిస్తుంది. అంటే ఎఫ్ 2.8కి డబ్బు పెట్టి సంపాదించిన రెండు స్టాపుల్లో ఒకటి అక్కడ వెనక్కి ఇచ్చేస్తున్నారన్నమాట.

బ్యాక్‌గ్రౌండ్ కూడా చూడండి. ఐదు మీటర్లలో ఉన్న రైడర్‌ని 70, ఎఫ్ 2.8లో తీస్తే ఫోకస్‌లో ఉండేది అర మీటరు పైన కొంచెం, 50లో మీటరు పైనే. వెనకాల చైన్ కట్టిన (చేతులు పట్టుకుని నిలబడ్డ) డిఫెండర్లు మెత్తగా విడిపోయి రైడర్ ఒక్కడే తేలడం 70లోనే బాగుంటుంది. ఇక వీసీ, మీరు కోచ్‌లకి వీడియో కూడా తీసిస్తుంటే, లేదా 1/40 దగ్గర ప్యానింగ్ చేస్తే (ఆటగాడితో పాటే కెమెరా తిప్పుతూ తీస్తే) అప్పుడు పని చేస్తుంది. టామ్రాన్ లెన్స్‌కి తేమ లోపలికి పోకుండా సీలింగ్ ఉంది, సిగ్మాకి మౌంట్ దగ్గరే, అంటే కెమెరాకి బిగించే చోటే ఉంది, మన ఊరి గాలికి ఇది చిన్న విషయమేం కాదు.

గాజువాక_కూత:
ఇద్దరికీ థాంక్స్ అన్నా, వీసీ డౌట్ పూర్తిగా తీరిపోయింది. స్కోర్ బోర్డు చూశాను, అంకెలు నీట్‌గానే ఉన్నాయి, మనిషే కదిలాడు. ఇప్పుడు 50 చాలా, 70 కావాలా అన్నదే మిగిలింది. సిగ్మా 17-40 ఎఫ్ 1.8 అని 2025లో వచ్చింది కదా, అది ఎలా ఉంటుంది?

సీతమ్మధార_షట్టర్:
17-40 మంచి లెన్సే, 2.8 మీద ఇంకా ఒకటింబావు స్టాప్ వెలుతురు ఎక్కువ. కానీ నీ బడ్జెట్ దాటుతుంది, బరువు అర కిలో పైన, పైగా 40తో ఆగిపోతుంది. నీకున్న సమస్యే దూరం కదా, వదిలెయ్.

50-70 గొడవకి జవాబు నీ హార్డ్ డిస్క్‌లోనే ఉంది. నీ కిట్ లెన్స్ 16-50, సిగ్మా 18-50, రెండూ ఇంచుమించు ఒకే రేంజ్. కాబట్టి పాత మ్యాచుల్లో నువ్వు ఎవరికైనా పంపించిన ఫొటోలు మాత్రమే తీసి, ఏది ఎంత ఫోకల్ లెంత్‌లో తీశావో చూడు. చాలావరకు 25-45 మధ్య ఉంటే సిగ్మా కొనేసి మర్చిపో. వరసగా 50, 50, 50 అని ఉండి, వాటిని మళ్ళీ క్రాప్ కూడా చేసి ఉంటే పోర్టు సైడు అన్న మాట విను, టామ్రాన్ తీసుకో. అప్పటికీ తేలకపోతే ఒక మ్యాచ్‌కి అద్దెకి తెచ్చుకుని వాడి చూడు, షాపులో గోడకేసి ఫోకస్ పెట్టి చూస్తే కబడ్డీ గురించి ఏమీ తెలీదు.

భీమిలి_ఉప్పుగాలి:
కొంచెం లేటుగా చూశాను. సర్ఫింగ్‌కి ఈ రెండూ పనికిరావు తమ్ముడూ, ఋషికొండలో అల మీద నిలబడ్డవాడు ఒడ్డు నుంచి చాలా దూరం, కనీసం 200 ఎంఎం పైన కావాలి, పగటి వెలుగు దండిగా ఉంటుంది కాబట్టి ఎఫ్ 6.3 టెలీ (దూరానివి దగ్గరగా చూపే లెన్స్) అయినా సరిపోతుంది. మధ్య రేంజ్ జూమ్ తీసుకెళ్తే బోర్డు చంకలో పెట్టుకుని నీళ్ళలోకి పరిగెత్తేవాళ్ళని బాగా తీయొచ్చు, అంతే.

లెన్స్ ఏది కొన్నా సెట్టింగులు సరిచేసుకోకపోతే ఫలితం కనపడదు. సైలెంట్ షూటింగ్ ఆపెయ్, అందులో వాడే ఎలక్ట్రానిక్ షట్టర్‌లో ఎల్‌ఈడీ లైట్లకి ఫొటో అంతా అడ్డగీతలు వస్తాయి, వేగంగా తిరిగే చేతులు వంకర పోతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, చాలా లైట్లు సెకనుకి 100 సార్లు మినుకుతుంటాయి, అందుకే 1/500లో వరసగా కొడితే ఒక ఫ్రేమ్ వెలుగుగా, పక్కది పచ్చగా వస్తుంది. అది లెన్స్ తప్పనుకోకు. మూడు నాలుగు ఫ్రేములు కలిపి కొట్టి మంచిది ఏరుకో, రా ఫార్మాట్‌లో తీస్తే రంగు తర్వాత దిద్దుకోవచ్చు. ఏఎఫ్-సీలో (కదిలేవాటి మీద ఫోకస్ మారుతూ ఉండే మోడ్) ట్రాకింగ్ పెట్టి కూత మొదలైన దగ్గరే రైడర్ ఛాతీ మీద లాక్ చెయ్, ఏడుగురు డిఫెండర్ల మొహాలు ఎదురుగా ఉన్నప్పుడు ఫేస్ డిటెక్షన్ ఆన్‌లో ఉంటే వాళ్ళ వైపు దూకేస్తుంది.

సెకండ్ హ్యాండ్ కొనేటట్టయితే ఒక్క మాట. మన సముద్రం పక్క ఊళ్ళో లెన్సులకి ఫంగస్ త్వరగా పడుతుంది. ఫోన్ టార్చ్ వెనక వైపు నుంచి ఏటవాలుగా వేసి ముందు నుంచి చూడు, సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే రేటు ఎంత తగ్గించినా వద్దని చెప్పెయ్. కొత్తది కొన్నా బ్యాగులో పెట్టి అలమరాలో పడెయ్యకు, గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, లోపల తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్, తేమ 40-50 శాతం మధ్య ఉంచితే చాలు.

గాజువాక_కూత:
రాత్రి కూర్చుని పాత ఫొటోలన్నీ చూశాను. టీమ్ వాళ్ళకి ఇచ్చినవాటిలో ఎక్కువ 28-45 మధ్యే ఉన్నాయి, అన్నీ మా మూలకి వచ్చిన రైడర్లవి. 50లో తీసి క్రాప్ చేసినవి ఉన్నాయి గానీ కొన్నే, అవి కూడా హాఫ్ టైమ్‌లో టీములు కోర్టు మారాక నేను చోటు మారకుండా కూర్చున్నప్పటివి. కాబట్టి సిగ్మా 18-50 ఫిక్స్ అన్నా. మిగిలిన డబ్బుతో డబ్బా, సిలికా జెల్ తెస్తాను. దానికి యూవీ ఫిల్టర్ వేయమంటారా?

పోర్టు_సైడు:
సరే, నీ ఫొటోలే చెప్పాక నేను కాదనను. ఫిల్టర్ సైజు 55 ఎంఎం. బీచ్‌కి వెళ్ళినప్పుడు వేసుకో, ఉప్పు తుంపర ముందు గ్లాస్ మీద పడదు. నైట్ మ్యాచ్‌లో తీసెయ్, ఎదురుగా ఉన్న ఫ్లడ్ లైట్లు ఫిల్టర్ మీద పడి ఫొటోలో పచ్చటి చుక్కలుగా వస్తాయి. అక్కడ లెన్స్ ముందు తగిలించే హుడ్ పెట్టుకో, దెబ్బ తగిలినా ముందు అదే తీసుకుంటుంది.