లేత్ ఆపరేటర్ల ఇంటర్వ్యూలో ఏ ప్రశ్నలు అడగాలి?

అందరికీ నమస్కారం. హైదరాబాద్ బాలానగర్‌లో పద్నాలుగు మంది పనిచేసే చిన్న మెషిన్ షాపు నడుపుతున్నాను. వచ్చే వారం లేత్ (లోహపు ముక్కను తిప్పుతూ చెక్కే యంత్రం) నడిపే ఇద్దరు ఆపరేటర్లను తీసుకోవాలి. దరఖాస్తుదారులలో ఎక్కువ మంది ఐటీఐలో రెండేళ్ల టర్నర్ (లేత్ పని) కోర్సు పూర్తి చేసినవారే.

ఇన్నాళ్లూ "మీ గురించి చెప్పండి", "ఇక్కడే ఎందుకు చేరాలనుకుంటున్నారు" వంటి ప్రశ్నలతోనే సరిపెట్టాను. నిరుడు వాటికి తడుముకోకుండా జవాబిచ్చిన కుర్రవాణ్ణి తీసుకుంటే, 25 మి.మీ. షాఫ్టును అర మిల్లీమీటరు తక్కువకు తీసి, ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా మంచి సరుకులో కలిపేశాడు. కొలత తప్పడం నేర్పితే పోతుంది గానీ, తప్పును దాచే అలవాటును ముందుగా ఎలా పసిగట్టాలో నాకు తెలియడం లేదు.

ఉద్యోగుల ఎంపికపై ఎనభై అయిదేళ్ల పరిశోధనలను కలిపి చూసిన, ష్మిట్, హంటర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తల 1998 నాటి వ్యాసం, పని చేయించి చూడడం, అందరినీ ఒకే తీరున అడగడం మేలని చెప్పింది. అందుకే ఈసారి ప్రతి ఒక్కరికీ 0.02 మి.మీ. వరకు చూపే వెర్నియర్ ఇచ్చి, ఒకే పిన్నును మూడు చోట్ల కొలిచి కాగితంపై రాయమంటాను. ఆ భాగం గురించి నాకు దిగులు లేదు.

దిగులంతా రెండో భాగం గురించే. "మీ చేతిలో పని ఎప్పుడైనా పాడైందా?" అని సూటిగా అడిగితే, ఉద్యోగం పోతుందన్న భయంతో "లేదండీ" అనేస్తారు. నిజాయితీగా చెప్పినవారికి నష్టం లేదని నమ్మకం కలిగేలా ఈ ప్రశ్నను ఏ మాటలతో అడగాలి? జవాబు విన్నాక ఇంకేం అడిగితే కల్పించి చెప్పినది బయటపడుతుంది? షాపుల్లో మనుషులను ఎంచుకున్న అనుభవం ఉన్నవారు, మీరు నిజంగా అడిగిన ప్రశ్నలను దయచేసి తెలియజేయండి.