ఫర్నిష్డ్ ఫ్లాట్ చూపించే ముందు ఏమేమి అడగాలి?

ప్రశ్న: హన్మకొండ వడ్డేపల్లిలో మా డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌ను మంచాలు, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్‌తో సహా అద్దెకు ఇవ్వదలచాము. టు-లెట్ బోర్డు పెట్టిన నాటి నుండి రోజుకు ఆరేడు ఫోన్లు వస్తున్నాయి. నేను కాజీపేట నుండి వెళ్లి తాళం తీసి చూపించాక, సగం మంది సామాను తీసేసి అద్దె తగ్గించమంటున్నారు. ఫోనులోనే ఏమేమి అడగటం మర్యాద?

జవాబు 1: ముందుగా అద్దె, అడ్వాన్సు, మెయింటెనెన్సు మీరే చెప్పండి. ఆ తరువాత ఎంతమంది ఉంటారు, ఎప్పుడు దిగుతారు, ఎంతకాలం ఉంటారు అని అడగండి. అన్నిటికన్నా ముఖ్యమైనది "మీకు సొంత సామాను ఉందా?" అన్న ప్రశ్న. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో ఏడాది పాటు హౌస్ సర్జన్సీ (ఎంబీబీఎస్ చదువు చివర చేసే శిక్షణ) చేసే డాక్టర్లు మా ఇంటికి రెండు సూట్‌కేసులతోనే వచ్చారు. మీ ఫ్లాటు అలాంటి వారికే సరిపోతుంది.

జవాబు 2: దయచేసి కులం మాత్రం అడగకండి. ఉద్యోగరీత్యా ఇక్కడికి వచ్చిన మా చెల్లెలిని ఒక ఇంటావిడ గుమ్మంలోనే ఆ మాట అడిగి, జవాబు విని తలుపు వేసుకున్నారు. చెల్లెలు ఆ రాత్రి అన్నం ముట్టలేదు. ఆధార్ కూడా ఇల్లు నచ్చిన తరువాతే అడగండి. చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ చాలు.

జవాబు 3: 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాదికి మించిన లీజుకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి అనుకుని చాలామంది 11 నెలలకే అగ్రిమెంటు రాసుకుంటారు, కానీ రాష్ట్ర సవరణ వల్ల మన దగ్గర ఎంత కాలపు లీజుకైనా రిజిస్ట్రేషన్ తప్పనిసరే. సామానును, దానిపై ఉన్న గీతలతో సహా, ఫోటోలు తీసి, ఆ ఫోటోలను, సామాను జాబితాను అగ్రిమెంటుకు జతచేసి ఇద్దరూ సంతకాలు చేయండి.