బైపీసీ చదివిన అమ్మాయిని లిబరల్ ఆర్ట్స్ కాలేజీలో బయాలజీకి పంపొచ్చా?

కావలి రైతు:
మాది కావలి దగ్గర పల్లె. మూడెకరాల్లో వనామీ రొయ్యల చెరువులు. మా అమ్మాయికి ఇంటర్ బైపీసీ అయింది. నీట్ ఒకసారి రాసింది, సీటు వచ్చేంత ర్యాంకు రాలేదు. ఏడాది ఆగి లాంగ్‌టర్మ్ కోచింగ్ తీసుకోవడం వద్దంటోంది. తనే వేరే రాష్ట్రంలో ఒక లిబరల్ ఆర్ట్స్ యూనివర్సిటీకి దరఖాస్తు పెట్టుకుంది. ఇంటర్వ్యూ అయింది, నాలుగేళ్ల బయాలజీ డిగ్రీకి సీటిచ్చారు. కొంత స్కాలర్‌షిప్ పోను ఏడాదికి కట్టాల్సింది నాకు ఒక పంటలో మిగిలేదంత. అక్కడ బయాలజీతోపాటు చరిత్ర, ఎకనామిక్స్, వ్యాసాలు రాయడం కూడా ఉంటాయంట. "బయాలజీకి పోయి చరిత్ర చదవడమేంది బావా?" అంటున్నాడు మా బామ్మర్ది. ఇంట్లో రోజూ ఇదే టెన్షన్. వారంలోపు ఫీజు కట్టాలి. తెలిసినవాళ్లు చెప్పండి.

ఒంగోలు జువాలజీ మాస్టారు:
తమ్ముడూ, ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకు జువాలజీ చెప్పి రిటైరయ్యాను. నా మాట వింటే వద్దు. నెల్లూరు దగ్గర ముత్తుకూరులో ఫిషరీస్ కాలేజీ ఉంది. అక్కడ బీఎఫ్‌ఎస్సీ, అంటే చేపలూ రొయ్యల పెంపకం డిగ్రీ, చదివితే రేపు మీ చెరువు గట్టు మీదే ఆ చదువు పనికొస్తుంది. కాకుటూరులో 2008 నుంచి విక్రమ సింహపురి యూనివర్సిటీ ఉంది. మన డిగ్రీల పద్ధతి కూడా 2023 నుంచి మారింది. జువాలజీ ముఖ్య సబ్జెక్టుగా తీసుకుని దాంతోపాటు ఇంకో సబ్జెక్టు చదువుకోవచ్చు. ఇంకో సంగతి. డీఎస్సీలో జీవశాస్త్రం పోస్టుకి డిగ్రీలో బోటనీ, జువాలజీ ఉన్నాయా అని చూస్తారు. ఉత్త 'బయాలజీ' పట్టా పట్టుకుపోతే సర్టిఫికెట్ల పరిశీలన దగ్గర వాదించుకుంటూ నిలబడాలి. అన్నీ కొంచెం కొంచెం చదివితే ఏదీ లోతుగా రాదు. జంతుశాస్త్రం అంటే ముందు జంతువు తెలియాలి గదా.

దర్శి అమ్మాయి:
మాస్టారూ, నమస్తే. నేను ఒంగోలు వైపు ఒక కాలేజీలో బీజెడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) ఏడాది చదివి మానేశాను. తర్వాత బెంగళూరులో లిబరల్ ఆర్ట్స్ పద్ధతిలో నడిచే ఒక యూనివర్సిటీలో మళ్లీ మొదటి ఏడాది నుంచి బయాలజీ చదివాను. రెండూ చూశాను కాబట్టి చెప్తున్నా.

మొదటి కాలేజీలో సీనియర్ అక్క రికార్డు ముందు పెట్టుకుని బొద్దింక జీర్ణవ్యవస్థ బొమ్మ గీశాను. ఆ అక్క ఎక్కడ లేబుల్ తప్పు పెట్టిందో నేనూ అక్కడే తప్పు పెట్టాను. సంతకం పడింది, మార్కులు పడ్డాయి. మైక్రోస్కోపులు మాత్రం బీరువా దాటి బయటికి రాలేదు.

రెండో చోట మొదటి వారమే కుంటనీళ్ల చుక్క స్లైడు మీద వేసి, గంటన్నర చూసి కనిపించింది గీయమన్నారు. నాకు పచ్చటి బంతి ఒకటి కనిపించింది. లోపల చిన్న బంతులు. మెల్లగా దొర్లుకుంటూ పోతోంది. పేరు తెలియదు గదా అని గీయలేదు. మేడం వచ్చి, "పేరు తర్వాత చూద్దాం. ఎటు తిరుగుతోంది? లోపల ఎన్ని ఉన్నాయి?" అన్నారు. ఏడు లెక్కపెట్టాను. అది వాల్వాక్స్. ఇంటర్‌లో ఆ పేరు ఎన్నిసార్లు రాశానో! కంటి ముందుకొస్తే గుర్తుపట్టలేదు. జంతువు తెలియాలని మీరన్నది నిజమే మాస్టారూ. నాకు తెలిసింది అక్కడే.

ఇక చరిత్ర, ఎకనామిక్స్ ఎందుకని ఆ అమ్మాయి మామయ్యగారు అడిగారు. మా దర్శి, పొదిలి, కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లు. మా నాయనమ్మ నడుము వంగిపోయి తలెత్తి నా మొహం చూడలేదు. ఫ్లోరైడ్ ఎముకలో చేరి దాన్ని గట్టిపరుస్తుంది గానీ పెళుసు చేస్తుందని, కీళ్ల దగ్గర ఎముకల్ని కలిపి కట్టే లిగమెంట్లు కూడా గట్టిపడిపోతాయని బయాలజీలో చదివాను. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నదీ తెలుసు. నాలుగో ఏడు ప్రాజెక్టుకి మా ఊరొచ్చి బోరు నీళ్లు పరీక్షించాను. ఎకనామిక్స్ మేడం ఇంటింటికీ వెళ్లి అడిగి రమ్మన్నారు. ఇంట్లో శుద్ధి చేసిన నీళ్ల క్యాను ఉంటుంది. కూలికి పోయిన తల్లి మాత్రం పగలంతా చేలో బోరు నీళ్లే తాగుతుంది. ఇంటి లెక్కలో ఆమె మంచినీళ్లు తాగుతున్నట్టే! ఎముక గురించి ఎంత చదివినా నాకది తెలిసేది కాదు.

కష్టాలూ ఉన్నాయి. మొదటి సెమిస్టర్ ఇంగ్లీషు వ్యాసాలకి రాత్రుళ్లు ఏడ్చాను. మొక్కల వర్గీకరణ సరిగా చెప్పలేదు, ఎమ్మెస్సీ ఎంట్రన్స్‌కి సొంతంగా ఆర్నెల్లు చదువుకున్నాను. అయినా పేరులో ఆర్ట్స్ ఉందని సైన్సు తక్కువనుకోకండి. జన్యువుల్ని కత్తిరించి మార్చే క్రిస్పర్ పద్ధతికి 2020లో నోబెల్ అందుకున్న జెన్నిఫర్ డౌడ్నా డిగ్రీ చేసింది అమెరికాలో పొమోనా అనే చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీలోనే.

నెల్లూరు ల్యాబ్:
మాది రొయ్యల జబ్బులు పరీక్షించే ల్యాబ్. తెల్లమచ్చ వైరస్ ఉందో లేదో పీసీఆర్ అనే పరీక్షతో చూస్తాం. ఉద్యోగం కోసం వచ్చిన పిల్లల్ని ఒకటే అడుగుతా: వైరస్ లేదని తెలిసే పెట్టుకునే నెగటివ్ కంట్రోల్‌లో కూడా వైరస్ ఉన్నట్టు గీత (బ్యాండ్) వస్తే ఏం చేస్తావు? చాలామంది "మామూలుగా రిపోర్టు ఇచ్చేస్తాను సార్" అంటారు. లేని వైరస్ ఉందని రాస్తే రైతు భయపడి రొయ్య సైజు (కౌంటు) రాకముందే పట్టుబడి పట్టేస్తాడు, నిలువునా మునుగుతాడు. "ఆ రోజు శాంపిల్స్ అన్నీ మళ్లీ చేయాలి" అని ఒక్క అమ్మాయే చెప్పింది. ఆమె చదివింది మన జిల్లాలో మామూలు డిగ్రీ కాలేజీలోనే. అన్నా, ఆ యూనివర్సిటీకి ఫోన్ చేసి వారానికి ల్యాబ్ ఎన్ని గంటలు, మైక్రోస్కోపు ఎంతమందికి ఒకటి అని అడుగు.

ఒంగోలు జువాలజీ మాస్టారు:
అమ్మాయ్, రికార్డు మాట గుచ్చుకుంది. నేనూ అలాంటివాటి మీద సంతకాలు పెట్టాను. అరవై మందికి నాలుగు మైక్రోస్కోపులు, అందులో ఒకదానికి అద్దం లేదు. పిల్లలకు చూపించాల్సింది చూపించలేకపోయాను. నాయనమ్మ సంగతి రెండుసార్లు చదివాను. చదువు మీద నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నా, డబ్బు మీద కాదు. నాలుగేళ్లలో ఒక్కసారి చెరువు పోయినా ఆ పిల్ల చదువు మధ్యలో ఆగుతుంది. తమ్ముడూ, అప్పు మీద మాత్రం పంపొద్దు.

కావలి రైతు:
అందరికీ దండాలు. ఫోన్ చేశాను. ల్యాబ్ వారానికి రెండు రోజులు, మైక్రోస్కోపు ఇద్దరికి ఒకటి అన్నారు. రాత్రి మేత తిన్నాయో లేదో చూసే చెక్‌ట్రే ఎత్తితే కొన్ని రొయ్యలకి పేగు తెల్లగా కనిపించింది. నేను మందు గురించి ఆలోచిస్తుంటే, "అదే చెరువు, అదే మేత గదా నాన్నా, కొన్నిటికే ఎందుకొచ్చింది?" అని అడిగింది మా అమ్మాయి. పదిహేనేళ్లుగా చెరువులు చేస్తున్నా ఆ మాట నాకు తట్టలేదు. మొదటి ఏడాది డబ్బు చేతిలో ఉంది, కడుతున్నా. రెండో ఏడాదికి స్కాలర్‌షిప్ పెంచే వీలుందేమో రాతపూర్వకంగా అడిగాం. మాస్టారూ, అప్పు మాట గుర్తుంచుకుంటాను. దర్శి అమ్మా, ఇంగ్లీషులో రాయడానికి ఇప్పట్నుంచి ఏం చేయమంటావో మా అమ్మాయికి కాస్త చెప్తావా?