ఆస్ట్రేలియా లోపలి పశువుల స్టేషన్లలో పని: చేసినవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి

మార్కాపురం_కుర్రాడు:
అందరికీ నమస్కారం. మన దేశం వాళ్ళకి ఏటా 1000 మందికి ఇచ్చే 462 వీసా (అక్కడ ఉంటూ పని చేసుకునే వీసా) బ్యాలెట్లో, అంటే లాటరీలో, నా పేరు వచ్చింది. నార్తర్న్ టెరిటరీలో బార్క్లీ వైపు ఒక పశువుల స్టేషన్, అంటే బాగా పెద్ద పశువుల ఫారం, వాళ్ళు ఫోన్లో మాట్లాడి, స్టేషన్ హ్యాండ్‌గా, అంటే అన్ని పనులూ చేసే పనివాడిగా, రమ్మన్నారు. ఇంటి దగ్గర గేదెలు ఉన్నాయి, పాలు పిండుతాను. ట్రాక్టర్, బైకు వచ్చు. గుర్రం మాత్రం ఎప్పుడూ ఎక్కలేదు. దగ్గర్లో ఊరంటే టెన్నంట్ క్రీక్, అదీ గంటల ప్రయాణమట. అమ్మ రోజూ రెండే ప్రశ్నలు అడుగుతోంది: ఒంట్లో బాగోకపోతే దిక్కెవరు, తిండేమిటి? నేను గొడ్డు మాంసం తినను. యూట్యూబ్ నిండా హెలికాప్టర్‌తో పశువుల్ని తోలే వీడియోలే. మిగతా రోజులు ఎలా గడుస్తాయో ఎవరూ చెప్పట్లేదు.

ఎర్రమట్టి:
తమ్ముడూ, బార్క్లీలోనే ఒక స్టేషన్లో బోర్లు, జనరేటర్లు చూసే మెకానిక్‌గా చేశాను. ఇప్పుడు డార్విన్లో ఉంటున్నాను.

ముందు ఆ విస్తీర్ణం ఎంతో తెలుసుకో. సౌత్ ఆస్ట్రేలియాలో అన్నా క్రీక్ స్టేషన్ ఉంది. 2016లో అమ్మినప్పుడు కొంత భాగం విడగొట్టారు. అంతకు ముందు అది 23,000 చదరపు కిలోమీటర్ల పైమాట. మన పాత అనంతపురం జిల్లా మొత్తం 19,130. అంత నేల మీద పనిచేసే మనుషులు మన పెళ్ళిళ్ళలో ఒక్క బంతికి కూడా చాలరు. నువ్వు వెళ్ళేది అంత పెద్దది కాకపోవచ్చు గానీ లెక్క అలాగే ఉంటుంది.

హెలికాప్టర్ హడావుడి ఏడాదిలో కొన్ని వారాలే. మిగతాదంతా నీళ్ళ పని. బోర్ రన్ అంటారు. తెల్లారకముందే యూట్, అంటే వెనక తెరిచి ఉండే చిన్న ట్రక్కు, ఎక్కి, బోరు నుంచి బోరుకి తిరగాలి. రోజుకి 200 కిలోమీటర్లు మామూలే. బోరు దగ్గర బండి ఆపగానే ట్యాంకులో మట్టం చూస్తాం. సోలార్ పంపు చప్పుడు తేడాగా ఉందేమో వింటాం. తొట్టి దగ్గర ఫ్లోట్ వాల్వ్‌ని చేత్తో కిందికి నొక్కితే నీళ్ళు దూకాలి. సన్నగా కారితే ఎక్కడో పైపులో బురద చేరినట్టు. తొట్టిలో పాచి గట్టి చీపురుతో గీకి, పడి చచ్చిన పిట్టల్ని తీసి పారేసి, అడుగున బిరడా పీకి కడుగుతాం. పైపు పగిలితే అక్కడే కోసి అతకాలి, అందుకని యూట్ వెనక సామానంతా ఉంటుంది.

ఆవు రోజుకి 40, 50 లీటర్లు తాగుతుంది. ఎండలు ముదిరితే ఇంకా ఎక్కువ. నీళ్ళకి నాలుగైదు కిలోమీటర్లు దాటి మేతకు పెద్దగా పోవు. ఎండాకాలంలో ఒక్క వాల్వ్ ఇరుక్కుని రెండు మూడు రోజులు ఎవరూ చూడకపోతే ఆ తొట్టిని నమ్ముకున్న వందల పశువుల ప్రాణాలు పోతాయి. కొత్తవాడి చేతిలో ముందు పెట్టేది ఈ పనే. మేనేజరు సాయంత్రం ముందు అడిగేదీ ఇదే. ఏ బోరు దగ్గర మట్టం ఎంతుందో చిన్న పుస్తకంలో రాసుకునే అలవాటు చేసుకో. ఆ పుస్తకం చూసే నీ మీద నమ్మకం పెరుగుతుంది.

నర్సమ్మ_ఐసా:
బాబూ, ఈ మాట మీ అమ్మగారికి చదివి వినిపించు. నేను క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో మౌంట్ ఐసా ఊళ్ళో నర్సుని, మాది గుంటూరు.

ఇక్కడ ఫ్లయింగ్ డాక్టర్ సర్వీస్ ఉంది. జాన్ ఫ్లిన్ అనే పాస్టర్ ఆలోచనతో 1928లో క్లాంకరీలో మొదలైంది, అది మాకు దగ్గరే. స్టేషన్లో పెద్ద మందుల పెట్టె తాళం వేసి ఉంటుంది. అందులో ప్రతి మందుకీ ఒక అంకె. ఎవరికైనా బాగోకపోతే ఫోన్ చేస్తారు, డాక్టరు లక్షణాలు అడిగి "ఫలానా నంబరు డబ్బా తీయండి, ఇన్ని మాత్రలు ఇవ్వండి" అని చెబుతాడు. మందు పేరు పలకడం రాకపోయినా అంకె చదవడం వస్తే చాలు. పరిస్థితి గట్టిదైతే విమానం వస్తుంది. స్టేషన్లో మట్టి రన్‌వే ఉంటుంది. విమానం దిగే ముందు యూట్ వేసుకుని ఆ చివరి నుంచి ఈ చివరిదాకా తిరిగి కంగారూల్ని, ఆవుల్ని తోలేయాలి. లైట్లు లేని చోట రాత్రిపూట డబ్బాల్లో టాయిలెట్ పేపర్ చుట్టలు కిరోసిన్‌లో నానబెట్టి, రన్‌వే పక్కన వరసగా వెలిగించేవాళ్ళు.

అయితే అమ్మగారికి నిజం కూడా చెప్పాలి. విమానం రావడానికి సమయం పడుతుంది. ఈలోపు రోగిని కాపాడేది పక్కనున్నవాళ్ళే. అందుకని వెళ్ళే ముందు ఫస్ట్ ఎయిడ్ కోర్సు చెయ్యి. మా దగ్గరికి ఎక్కువగా వచ్చేవి బైకు మీంచి పడ్డవి, యార్డులో, అంటే పశువుల దొడ్డిలో, పశువు గేటుకేసి నొక్కినవి, గుర్రం తన్నినవి. హెల్మెట్ లేకుండా బైకు ఎక్కమంటే ఎక్కవద్దు.

పాలమూరు_గొంగడి:
పశువుల సంగతి అన్నలు చెప్పిన్రు, నేను గొర్ల సంగతి చెప్త. మాది పాలమూరు దిక్కు, కురుమోళ్ళం. న్యూ సౌత్ వేల్స్ల పడమటి దిక్కు ఉన్ని షెడ్డుల చేసిన.

ఆస్ట్రేలియాల డింగో కంచె అని 5,600 కిలోమీటర్ల కంచె ఉన్నది. డింగోలంటే అడవి కుక్కలు. అవి గొర్లను బతకనియ్యవు. అందుకే కంచెకు లోపటి దిక్కు గొర్లు, అవుతలి దిక్కు పెద్ద పశువులు.

షెడ్డుల పొద్దుగాల 7:30కు గంట కొడ్తరు. రెండు గంటలు పని, అరగంట స్మోకో అంటే చాయ్ గ్యాప్, మళ్ళ రెండు గంటలు, అన్నం, మళ్ళ రెండు, చాయ్, మళ్ళ రెండు. సాయంత్రం 5:30కు బంద్. నిమిషం అటూ ఇటూ కాదు. షియరర్‌కు, అంటే ఉన్ని కత్తిరించేటోనికి, గొర్రెల లెక్కన పైసలు, అందుకే ఆయన ముంగట అడ్డం ఉండొద్దు. నేను రౌస్టబౌట్‌ను, అంటే కత్తిరించిన ఉన్ని ఎత్తి సాపు చేసే పనోణ్ణి. మెరీనో అనే జాతి గొర్ల ఉన్ని ఒక్క తోలు లెక్క మొత్తం ఊడొస్తది. ఎనక కాళ్ళ దిక్కు రెండు కొసలు పట్టుకొని ఎత్తి బల్ల మీదికి ఇసిరితే దుప్పటి లెక్క పరుసుకోవాలె. అది చేతికి రావాలంటే దినాలు పడ్తది. ఆమీద అంచులకున్న పేడ ఉన్ని, ముండ్ల ఉన్ని పీకి వేరే బుట్టల ఎయ్యాలె. మా ఇంట్ల దక్కనీ గొర్ల ఉన్ని కత్తెరతోని తీసి గొంగడి నేసేటోళ్ళు. మా తాత గీ మెరీనో ఉన్ని పట్టుకొని చూస్తే ఎంత సంబురపడేటోడో అని ఆడ ఎన్నిసార్లు అనుకున్ననో. నడుము నొస్తది, కానీ పనిల గౌరవం ఉంటది.

మార్కాపురం_కుర్రాడు:
చాలా సంతోషం అన్నా, అక్కా. అమ్మకి చదివి వినిపించాను. మందుల పెట్టె అంకెల సంగతి రెండుసార్లు చదివించుకుంది. మరి తిండి?

ఇంటిబడి_టీచర్:
మా ఆయన స్టేషన్లో జమాఖర్చులు చూస్తారు. నేను అక్కడి పిల్లలకు ఇంటి బడి చెబుతాను. తిండి గురించి నేను చెబుతాను.

చాలా స్టేషన్లలో సొంత పశువునే కోసి, కోల్డ్ రూములో వేలాడదీసి వాడుకుంటారు. మూడు పూటలా అదే. మీరు తినరనే సంగతి చేరాక కాదు, ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి. ఎవరూ తప్పు పట్టరు. వంటమనిషి సరుకుల లారీకి నెలకోసారో రెండు వారాలకోసారో లిస్టు పంపుతుంది, అందులో మీ కోసం చికెన్, గుడ్లు, పప్పు రాయించుకోవచ్చు. కందిపప్పు, కారం, చింతపండు డార్విన్లోనో ఆలిస్ స్ప్రింగ్స్‌లోనో కొనుక్కోండి. ఇంటి నుంచి పచ్చళ్ళు, పొడులు తెస్తే విమానాశ్రయంలో తప్పకుండా డిక్లేర్ చేయాలి. వానాకాలంలో రోడ్డు మూసేస్తే లారీ వారాల తరబడి రాదు. అప్పుడు బియ్యం, పప్పు ఉన్న గది చూస్తే గుండె నిబ్బరంగా ఉంటుంది.

సాయంత్రం ఎవరికీ తోచనప్పుడు వంటింటి వైపు వెళ్ళి ఉల్లిపాయలు తరిగి పెట్టండి. మీరు పప్పుచారు పెట్టిన రోజు అందరూ అడిగి మరీ వడ్డించుకుంటారు. నేను చూశాను.

పిల్లల బడి కూడా ఇక్కడ చూడాల్సిన విషయం. ఆలిస్ స్ప్రింగ్స్‌లో స్కూల్ ఆఫ్ ది ఎయిర్ 1951లో ఫ్లయింగ్ డాక్టర్ రేడియో మీదే మొదలైంది. ఇప్పుడు శాటిలైట్ ఇంటర్నెట్ మీద పిల్లలు టీచరు ముఖం చూస్తూ చదువుకుంటారు. మిగతా పాఠం ఇంట్లో నాలాంటివాళ్ళు చెప్పిస్తాం. దూర దూరంగా ఉండే ఈ పిల్లలు అప్పుడప్పుడు ఊళ్ళో కలిసే రోజులుంటాయి. స్క్రీన్ మీదే తెలిసిన స్నేహితుణ్ణి ఎదురుగా చూసి ముందు సిగ్గుపడి, తర్వాత చేయి వదలకుండా తిరుగుతారు.

ఒక మాట, రెండో ఏడాది వీసా కోసం ఆలోచిస్తున్నవాళ్ళకి: దానికి చూపించాల్సిన 3 నెలల పని లెక్కలోకి స్టేషన్లో పిల్లల్ని చూసుకునే పని రాదు. పశువుల పని వస్తుంది. ఏ పనికి తీసుకుంటున్నారో కాగితం మీద రాయించుకోండి.

ఒంగోలుగిత్త:
తమ్ముడూ, నువ్వు మార్కాపురం అన్నావు కాబట్టి చెబుతున్నా. ఉత్తరాన నువ్వు చూడబోయే పశువుల్లో ఎక్కువ భాగం బ్రాహ్మన్ రక్తమే. అమెరికాలో మన దేశపు గిర్, కాంక్రేజ్, కృష్ణా వ్యాలీ జాతులతో పాటు మన ఒంగోలును కలిపి తయారుచేసిన జాతి అది. 1933లో క్వీన్స్‌లాండ్‌కి తెచ్చారు. ఎండకీ, పిడుదులకీ తట్టుకుంటుందని అక్కడ నిలబెట్టారు. మూపురం, వేలాడే గంగడోలు చూడగానే గుర్తుపడతావు. అరిచి, కొట్టి తోలితే ఆ పశువు మరిచిపోదు. నిదానంగా, పక్క నుంచి నడిస్తే నీ మాట వింటుంది. గేదెల్ని సాకినవాడివి, ఆ ఓర్పు నీకు ఉంటుంది. యార్డులో ఆ ఓర్పుకే విలువ.

ఇంకొకటి. ఆ నేల చరిత్ర తెలుసుకుని వెళ్ళు. ఉత్తరాది స్టేషన్లు నిలబడింది ఆదివాసీ పశువుల కాపరుల కష్టం మీద. చాలాకాలం వాళ్ళకి జీతం బదులు పిండి, టీ, పంచదార ఇచ్చి సరిపెట్టారు. 1966 ఆగస్టు 23న వేవ్ హిల్ స్టేషన్లో విన్సెంట్ లింగియారి అనే నాయకుడి వెంట గురింజీ అనే ఆదివాసీ జనం పని మానేసి నడిచి వెళ్ళిపోయారు. అడిగింది జీతమే కాదు, తమ నేల. 1975లో ప్రధాని గాఫ్ విట్లమ్ వచ్చి, నేల తిరిగి అప్పగిస్తున్నట్టు గుర్తుగా పిడికెడు మట్టి లింగియారి చేతిలో పోశాడు. నీతో పనిచేసేవాళ్ళలో ఆ జనం మనవలు ఉండొచ్చు. నేల గురించి వాళ్ళు చెప్పేది శ్రద్ధగా విను.

ఎర్రమట్టి:
మస్టరింగ్ సంగతి, అంటే పశువుల్ని పోగుచేసి యార్డుకి తోలడం, మిగిలిపోయింది. వానాకాలం ముగిశాక, సుమారు మే నుంచి అక్టోబర్ దాకా. హెలికాప్టర్ పొదల్లోంచి పశువుల్ని బయటికి తోలుతుంది, బైకులు, గుర్రాలు వెనకనుంచి కలుపుకుంటూ వస్తాయి. యార్డుకి చేరాక దూడల్ని వేరుచేసి ముద్ర వేసి, చెవి ట్యాగు పెట్టి, కొమ్ములు తీస్తాం. దుమ్ముకి పక్కవాడు కనపడడు. రాత్రి స్వాగ్‌లో, అంటే కాన్వాస్ పరుపు చుట్టలో, ఆరుబయట పడక. జూన్, జులై అక్కడ చలికాలం, వణికిస్తుంది, దళసరి స్వెట్టర్ తెచ్చుకో. జూన్లోనే బార్క్లీలోని బ్రూనెట్ డౌన్స్ స్టేషన్లో గుర్రప్పందేలు జరుగుతాయి. చుట్టుపక్కల స్టేషన్ల వాళ్ళంతా అక్కడ కలుస్తారు, మానకుండా వెళ్ళు.

బండి పాడైతే మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ బండి వదిలి నడవకు. వెతికేవాళ్ళకి పైనుంచి మనిషి కనపడడు, బండి కనపడుతుంది. బయల్దేరే ముందు ఎటు వెళ్తున్నావో, ఎప్పటికి వస్తావో బోర్డు మీద రాసి, నీళ్ళ డబ్బాలు నింపుకుని కదులు.

మార్కాపురం_కుర్రాడు:
అన్నా, జీతం సంగతి అడగడానికి మొహమాటంగా ఉంది.

నర్సమ్మ_ఐసా:
మొహమాటం వద్దు బాబూ. ఒక చోట పనిచేసిన కుర్రాడికి పే స్లిప్పులే ఇవ్వలేదు, బస కింద ఎంత కోశారో కూడా తెలియలేదు. పే స్లిప్పు ప్రతిసారీ అడిగి తీసుకో, రెండో వీసాకి అదే సాక్ష్యం. గంటలు నువ్వు కూడా రాసుకో. తేడా వస్తే ఫెయిర్ వర్క్ ఆంబుడ్స్‌మన్‌కి, అంటే పనివాళ్ళ జీతాల ఫిర్యాదులు చూసే ప్రభుత్వ ఆఫీసుకి, ఫోన్ చెయ్యి. నువ్వు మాట్లాడే భాష చెబితే దుబాసీని ఇస్తారు, వీసా మీద ఉన్నా సరే.

పాలమూరు_గొంగడి:
తమ్మీ, బూట్లు ఆడనే కొను. ఈడికెళ్ళి తెచ్చినయి ఆ ఎర్ర దుమ్ములకు ఆగవు. పెద్ద అంచు టోపీ, ఈగల జాలి కూడా తీస్కో.

మార్కాపురం_కుర్రాడు:
రేపు ఉదయం స్టేషన్ వాళ్ళకి ఫోన్ చేస్తున్నాను. తిండి సంగతి, పని పేరు కాగితం మీద రాసివ్వడం, హెల్మెట్, పే స్లిప్పు, నాలుగూ రాసుకున్నాను. ఏమన్నారో ఇక్కడే చెబుతాను.